సైటు ఎక్కించారు సరే, ఎక్కడికి ఎక్కించారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, మెసేజులు అన్నీ ముందేసుకుని చూస్తే దాదాపు అందరిదీ ఒకటే గోల. సైటు నా కంప్యూటర్లో బ్రహ్మాండంగా ఉంది, నెట్‌లోకి ఎక్కించాక ఖరాబైంది. అందుకని ఈసారి వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఇవే తీసుకున్నా. ముందుగా ఒక మాట, మెనూల పేర్లు, ఫైళ్ల పేర్లు నేనిక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నా గానీ మీరు కంప్యూటర్లో ఇంగ్లిష్‌లోనే కొట్టాలి. పోయినసారి ఒకాయన ఫోల్డర్‌కి నిజంగానే తెలుగులో పేరు పెట్టుకుని, పనిచెయ్యట్లేదని నన్ను తిడుతూ రెండు పేజీలు రాశారు.

ప్ర: సార్ నమస్తే, మాది చిక్కడపల్లి. మా మామ క్యాటరింగ్ చేస్తడు, పెండ్లిండ్లకి, ఫంక్షన్లకి. డ్రీమ్‌వీవర్‌ల ఐదు పేజీల సైటు చేసిన. నా ల్యాప్‌టాప్‌ల మస్తు కనబడ్తుంది. హోస్టింగ్ కొని ఎక్కించినంక ఫోటోలు ఒక్కటి గూడ వస్తలేవు, సైటు పేరు కొడ్తే మా పేజీ కాకుండ హోస్టింగోళ్ల పేజీ వస్తుంది. ఫ్రెండుకి లింకు పంపితే వానికి అసల్కే ఓపెన్ అయితలేదు. మామ రోజూ "పైసలు కట్టినం గదరా" అంటుండు. స్క్రీన్‌షాట్లు పంపిస్తున్న, జర చూడండి. (ఒక విద్యార్థి)

జ: తమ్ముడూ, మొదటి స్క్రీన్‌షాట్‌లోనే దొరికిపోయావ్. పైన అడ్రస్ దగ్గర ఏముందో ఒక్కసారి చదువు. 'ఫైల్' అని మొదలై, మూడు స్లాష్‌లు, సి డ్రైవ్, యూజర్స్, నీ పేరు, డెస్క్‌టాప్. అది సైటు కాదు నాయనా, నీ ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫైలుని బ్రౌజర్ తెరిచి చూపిస్తోంది, అంతే. అదే అడ్రస్ కాపీ కొట్టి ఫ్రెండుకి పంపావు, వాడి ల్యాప్‌టాప్‌లో నీ డెస్క్‌టాప్ ఎందుకుంటది చెప్పు?

అసలు వెబ్‌సైట్ అంటే పెద్ద బ్రహ్మపదార్థమేం కాదు, ఒక ఫోల్డర్. అందులో హెచ్‌టిఎంఎల్ ఫైళ్లు, అంటే పేజీలు, వాటి రంగులూ అమరికా చెప్పే ఒక సిఎస్ఎస్ ఫైలు, ఫోటోలు. ఆ ఫోల్డర్ నకలు ఒకటి ఇరవై నాలుగ్గంటలూ ఆన్‌లో ఉండే ఇంకో కంప్యూటర్లో పెడతాం, దాన్నే సర్వర్ అంటున్నాం. డ్రీమ్‌వీవర్ గానీ ఇంకోటి గానీ చేసేది ఆ ఫోల్డర్‌ని తయారుచెయ్యడం, మోసుకెళ్లి అక్కడ దించడం. నీకు తేడా కొట్టింది మూడు చోట్ల, ఒక్కోటి చెప్తా.

హోస్టింగోళ్ల పేజీ ఎందుకొస్తోందంటే, నీ మొదటి పేజీకి 'హోమ్ డాట్ హెచ్‌టిఎంఎల్' అని పేరు పెట్టావు. సైటు పేరు మాత్రమే కొడితే సర్వర్ వెతికేది 'ఇండెక్స్' అనే ఫైలుని, హోమ్‌ని కాదు. కాబట్టి పేరు 'ఇండెక్స్ డాట్ హెచ్‌టిఎంఎల్' అని మార్చు, అన్నీ చిన్న అక్షరాలే. ఇంకోటి, నీ రెండో స్క్రీన్‌షాట్‌లో సర్వర్ వైపు 'మెయిల్', 'లాగ్స్', 'పబ్లిక్ అండర్‌స్కోర్ హెచ్‌టిఎంఎల్' అని ఫోల్డర్లు కనబడుతున్నాయి, వాటి పక్కనే నీ ఫైళ్లు కూడా. అంటే నువ్వు సామానంతా గుమ్మం బయటే దించి వచ్చావు. మన షేర్డ్ హోస్టింగుల్లో ఎక్కువ వాటిల్లో జనానికి కనబడేది ఆ పబ్లిక్ హెచ్‌టిఎంఎల్ ఫోల్డర్ లోపల ఉన్నది మాత్రమే. నీ ఫైళ్లన్నీ దాని లోపలికి పోవాలి. హోస్టింగోళ్లు ముందే పెట్టిన డీఫాల్ట్ పేజీ అక్కడే ఉంటది, అది తీసెయ్.

ఇక ఫోటోల సంగతి. ఇది వందలో తొంభై మంది చేసే తప్పే. అమీర్‌పేటలో క్లాసులు చెప్పేటప్పుడు నేను మొదటిరోజే బోర్డు మీద రాసేవాణ్ణి, అయినా నెల తిరక్కుండానే సగం మంది ఇదే పరేషాన్‌తో వచ్చేవాళ్లు. నువ్వు సైటుకి ఫోల్డర్ డిఫైన్ చెయ్యకుండానే కొత్త పేజీ తెరిచి, డౌన్‌లోడ్స్‌లోంచి ఫోటోలు లాక్కొచ్చి పడేశావు. అప్పుడు పేజీ కోడ్‌లో ఏం రాసుకుంటదంటే 'ఫలానా సి డ్రైవ్, ఫలానా డౌన్‌లోడ్స్‌లో ఉన్న ఫోటో' అని. నీ ల్యాప్‌టాప్‌లో ఆ దారి ఉంది కాబట్టి కనబడ్డది, వేరేవాళ్లకి లేదు కాబట్టి డబ్బా గుర్తు వస్తది. కోడ్ వ్యూలోకి పోయి సి అని, డౌన్‌లోడ్స్ అని ఎక్కడైనా ఉందేమో వెతుకు, ఉంటే అదే దొంగ.

కాబట్టి మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టు. డి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్, దాని లోపల 'ఇమేజెస్' అని ఇంకో ఫోల్డర్. ఫోటోలన్నీ ముందు అందులోకి కాపీ చేసుకో. తర్వాత డ్రీమ్‌వీవర్‌లో సైట్ మెనూ, న్యూ సైట్, దానికొక పేరు, లోకల్ సైట్ ఫోల్డర్ దగ్గర నీ డి డ్రైవ్ ఫోల్డర్ చూపించు. ఆ తర్వాత ఫోటోలు పెడితే కోడ్‌లో 'ఇమేజెస్ స్లాష్ బిర్యానీ' అని చిన్న దారి మాత్రమే ఉంటది, ఆ ఫోల్డర్ ఎక్కడికి పోయినా ఆ దారి కూడా దాంతోనే పోతది.

ఫోటోల్లోనే ఇంకో మెలిక ఉంది. విండోస్‌కి పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా లేదు, సర్వర్లు ఎక్కువగా లైనక్స్, దానికి తేడా ఉంది. నీ ఫోన్ ఫోటో పేరు చివర జేపీజీ అని క్యాపిటల్స్‌లో పెట్టుకుంటది, నువ్వు కోడ్‌లో చిన్నక్షరాల్లో కొడతావు. ఇంట్లో నడుస్తది, అక్కడ నడవదు. పేర్లలో ఖాళీలు కూడా వద్దు, 'పెళ్లి ఫోటో రెండు ఫైనల్ కొత్తది' లాంటి పేర్లు మానెయ్. చిన్నక్షరాలు, మధ్యలో అడ్డగీత, అంతే. పేరు మార్చేటప్పుడు విండోస్‌లో కాదు, డ్రీమ్‌వీవర్ ఫైల్స్ ప్యానెల్లోనే మార్చు, లింకులు కూడా అప్‌డేట్ చెయ్యమంటావా అని అదే అడుగుతది, చెయ్యమను.

ఎక్కించడానికి, సైట్ సెటప్‌లో సర్వర్స్ అని ఉంటది, ప్లస్ నొక్కితే చిన్న ఫారం వస్తది. హోస్టింగోళ్లు నీకు పంపిన మెయిల్‌లో ఉన్న ఎఫ్‌టిపి (సర్వర్‌కి ఫైళ్లు మోసే పద్ధతి) అడ్రస్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అక్కడ వెయ్యాలి. రూట్ డైరెక్టరీ దగ్గర ఖాళీ వదిలెయ్యకు, నువ్వు బోల్తా పడింది అక్కడే, పబ్లిక్ హెచ్‌టిఎంఎల్ పేరు రాయి. టెస్ట్ నొక్కి చూడు. హోస్టింగ్‌లో ఎస్‌ఎఫ్‌టిపి ఇస్తుంటే అదే పెట్టుకో, మామూలు ఎఫ్‌టిపిలో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు వైర్ మీద పోతది, ఎస్‌ఎఫ్‌టిపిలో దాచి పంపుతది. పోర్టు అడిగితే మామూలుగా ఎఫ్‌టిపికి 21, ఎస్‌ఎఫ్‌టిపికి 22. తర్వాత పైకి బాణం గుర్తు అంటే పుట్, అంటే నీ దగ్గర్నుంచి అక్కడికి. కింది బాణం గెట్, అక్కడ్నుంచి నీ దగ్గరికి. ఈ రెండూ తారుమారు చేసి రాత్రంతా చేసిన పని మీద పాత ఫైళ్లు దించేసుకుని ఏడ్చినవాళ్లని చూశాను నేను. పుట్ కొట్టగానే డిపెండెంట్ ఫైల్స్ కూడా పంపాలా అని అడుగుతది, ఎస్ అను, లేకపోతే పేజీ పోతది, సిఎస్ఎస్సూ ఫోటోలూ ఇక్కడే ఉండిపోతాయి.

డ్రీమ్‌వీవర్‌తో విసుగొస్తే ఫైల్‌జిల్లా అని ఉచితంగా దొరుకుతది, ఎడమపక్క నీ కంప్యూటర్, కుడిపక్క సర్వర్, ఇటునుంచి అటు లాగెయ్యడమే. నిజం చెప్పాలంటే నాకు అదే ఇష్టం, ఏది ఎక్కడికి పోతోందో కళ్లముందు కనబడతది. డ్రీమ్‌వీవర్ 1997లో మాక్రోమీడియా తెచ్చింది, 2005లో ఆ కంపెనీనే అడోబీ కొనేసింది. ఆ రోజుల్లో మైత్రివనం చుట్టుపక్కల ఏ బోర్డు చూసినా డ్రీమ్‌వీవర్, ఫ్లాష్, ఫైర్‌వర్క్స్ మూడూ కలిపి వెబ్ డిజైనింగ్ కోర్సు. నీ సైటు మొదట్లో ఫ్లాష్ యానిమేషన్ పెట్టినట్టున్నావు, పాత సీడీ మెటీరియల్ ఏదైనా చూసి నేర్చుకున్నావా? ఫ్లాష్ ప్లేయర్ని అడోబీ 2020 డిసెంబర్ 31తో ఆపేసింది, అది ఇప్పుడు ఎవరికీ కనబడదు, తీసెయ్. దాని బదులు కోడ్ పైభాగంలో, అంటే హెడ్‌లో, పేజీని ఫోను వెడల్పుకి సర్దమని చెప్పే వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ ఉందో లేదో చూడు, మామ దగ్గరికి వచ్చే పార్టీలు సైటు చూసేది ఫోన్లోనే, ఆ ట్యాగ్ లేకపోతే మెనూ అక్షరాలు చీమల్లా కనబడతాయి.

అన్నీ అయ్యాక నీ ల్యాప్‌టాప్‌లో చూడకు. మామ ఫోన్ తీస్కో, వైఫై ఆపి మొబైల్ డేటాతో చూడు. అక్కడ ఫోటోలు కనబడితేనే ఎక్కినట్టు.

ప్ర: పత్తర్‌గట్టిలో మాది ముత్యాల షాపు. ఆరేళ్ల కింద ఒక అబ్బాయి సైటు చేసి పెట్టాడు, ఏటా అతనికే డబ్బులు ఇచ్చేవాళ్లం, అన్నీ అతనే చూసుకునేవాడు. ఇప్పుడు అమెరికా వెళ్లిపోయాడు, ఫోన్ ఎత్తట్లేదు. వచ్చే నెలతో డొమైన్ అయిపోతుందని ఎవరో చెప్పారు. మా పేరు మాకు రాదా? (ఒక వ్యాపారి)

జ: సార్, చాలామంది అనుకున్నట్టు సైటు అనేది ఒక్క వస్తువు కాదు. పేరు వేరు, అంటే డొమైన్, దాన్ని రిజిస్ట్రార్, అంటే డొమైన్లు అమ్మే కంపెనీ దగ్గర ఏడాదికింత అని కట్టి పెట్టుకుంటాం. స్థలం వేరు, అంటే హోస్టింగ్. ఆ స్థలంలో పెట్టిన ఫైళ్లు వేరు. పేరుని స్థలానికి కలిపేది నేమ్‌సర్వర్ అనే సెట్టింగు. మన పాతబస్తీలో ఇంటి నంబర్ చెప్తే ఎవరికీ తెలీదు గానీ "ఫలానా ఇరానీ హోటల్ వెనక గల్లీ" అంటే ఆటోవాళ్లు తీసుకొచ్చేస్తారు కదా, నేమ్‌సర్వర్ చేసేది ఆ దారి చెప్పే పనే. షాపు వేరే గల్లీకి మార్చినా పేరు మీదే ఉంటే దారి మార్చి చెప్పుకోవచ్చు. పేరే పోతే మాత్రం పాత కస్టమర్లు ఎవరి షాపుకి పోతారో దేవుడికెరుక.

ముందు హూయిజ్ అనే చోట మీ సైటు పేరు కొట్టి చూడండి. ఏ రిజిస్ట్రార్, ఎప్పటిదాకా గడువు అనేది అక్కడ కనబడుతుంది. యజమాని పేరు ఇప్పుడు చాలావరకు దాచేస్తారు కాబట్టి అది కనబడకపోవచ్చు. అబ్బాయి అకౌంటులో అబ్బాయి మెయిల్‌తో రిజిస్టర్ అయ్యుంటే రిజిస్ట్రార్ లెక్కలో యజమాని అతనే, మీరు ఆరేళ్లు డబ్బులు కట్టినా సరే. కష్టంగా ఉంటుంది వినడానికి, కానీ ఉన్నమాట. కాబట్టి ఫోన్ ఎత్తట్లేదని ఊరుకోకుండా వాళ్ల ఇంట్లోవాళ్ల ద్వారా, స్నేహితుల ద్వారా, ఎలాగోలా అతన్ని పట్టుకోండి. కోపంగా కాదు, మర్యాదగా అడగండి. అతను చెయ్యాల్సింది ఐదు నిమిషాల పని, డొమైన్ లాక్ తీసి, బదిలీకి కావాల్సిన ఆథరైజేషన్ కోడ్ మీకు పంపడం, లేదా అదే రిజిస్ట్రార్ దగ్గర మీరు తెరిచిన అకౌంటుకి మార్చడం. ఎందుకు ఎత్తట్లేదో మనకి తెలీదు, పాత పని మళ్ళీ నెత్తినేస్తారేమోనని భయం కూడా కావచ్చు. "నువ్వు ఏం చెయ్యక్కర్లేదు, కోడ్ ఒక్కటి పంపు" అంటే సగంమంది పంపేస్తారు.

గడువు అయిపోయిన మర్నాడే పేరు వేరేవాళ్లకి పోదు, అంత కంగారు పడకండి. డాట్ కామ్ అయితే ముందు రిజిస్ట్రార్ ఇచ్చే గ్రేస్ రోజులు కొన్ని, తర్వాత 30 రోజుల రిడెంప్షన్, అప్పుడు తిరిగి తీసుకోవాలంటే మామూలు రేటుకి బాగా ఎక్కువే అవుతుంది, ఆ తర్వాత తీసెయ్యడానికి ముందు ఎవరూ ముట్టుకోలేని 5 రోజులు, అప్పుడు బజార్లోకి. కానీ ఆ గడియారాన్ని నమ్ముకుని కూర్చోకండి, ఎందుకంటే గ్రేస్‌లో కూడా రెన్యువల్ చెయ్యాల్సింది ఆ అకౌంటు ఉన్నవాళ్లే.

షాపు పేరు ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ అయ్యుంటే, ఎవరైనా దురుద్దేశంతో పేరు పట్టుకు కూర్చుంటే ఫిర్యాదు చేసుకునే దారులున్నాయి, డాట్ కామ్‌కి యుడిఆర్‌పి అని, డాట్ ఇన్‌కి ఐఎన్‌డిఆర్‌పి అని. అది లాయర్ దాకా పోయే పని, ఖర్చు, ముందు ఆ అబ్బాయి వాళ్లమ్మగారితో మాట్లాడ్డమే చవక.

ఈలోపు ఈ రోజే చెయ్యాల్సిన పని ఒకటుంది. మీ సైటులోని ప్రతి పేజీ కంప్యూటర్లో తెరిచి కంట్రోల్ ఎస్ కొట్టి సేవ్ చేసుకోండి, ఫోటోలతో సహా. అది సరైన బ్యాకప్ కాదు, కానీ రేపు సైటు పోతే కొత్తగా కట్టేవాళ్లకి కనీసం రాతలు, ఫోటోలు దొరుకుతాయి. కొత్తది ఎవరితో చేయించుకున్నా డొమైన్ మాత్రం మీ షాపు మెయిల్‌తో, మీ కార్డుతో, మీ అకౌంటులో మీరే కొనండి. మొదటి ఏడాది రేటు చూసి మురిసిపోవద్దు, రెండో ఏడాది రెన్యువల్ ఎంతో చూడండి, దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా కలుపుకుని.

ప్ర: కాచిగూడలో డీటీపీ సెంటర్ నడుపుతాను, ఇరవై రెండేళ్లుగా అను స్క్రిప్ట్‌లోనే కంపోజింగ్. మా కాలనీ గుడి కమిటీ వాళ్లు సైటు పెట్టమంటే పేజ్‌మేకర్లో ఉన్న మ్యాటర్ కాపీ చేసి పేజీలో పేస్టు చేశా. నా సిస్టంలో తెలుగు, బయట అందరికీ ఏవో పిచ్చి గుర్తులు. అందరి కంప్యూటర్లలోనూ అను వేయించాలంటారా? (డీటీపీ ఆపరేటర్)

జ: వేయించొద్దు సార్, ఫోన్లలో ఎక్కడ వేయిస్తారు! మీరు ఇరవై రెండేళ్లుగా తెలుగు టైపు చేస్తున్నారు గానీ, కంప్యూటర్ దృష్టిలో మీరు ఒక్క తెలుగు అక్షరం కూడా కొట్టలేదు. అను ఫాంట్లలో జరిగేదేంటంటే ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు ముక్కలు, అంటే తలకట్టు, గుడి, ఒత్తు, విడివిడిగా బొమ్మలుగా కూర్చుంటాయి. ఫైల్లో దాచుకునేది ఆ గుర్తులే, పైన ఫాంటు ముసుగేస్తుంది. ముసుగు లేని చోట అసలు మొహం బయటపడుతుంది. ప్రింటుకి ఏం నష్టం లేదు, కాగితం మీద పడ్డాక ఎవడికి కావాలి లోపలేముందో. వెబ్‌లో మాత్రం కుదరదు.

యూనికోడ్ అంటే ప్రపంచ భాషల అక్షరాలకి నంబర్లిచ్చే పద్ధతి, అందులో తెలుగుకి సొంత స్థానాలున్నాయి, 1991లో వచ్చిన మొదటి వర్షన్ నుంచే. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది, ఇప్పటి విండోస్‌లో నిర్మల ఉంది, ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో తెలుగు ఉంటుంది. అంటే యూనికోడ్‌లో రాస్తే చదివేవాళ్లు ఏమీ వేసుకోనక్కర్లేదు. మీ పాత మ్యాటర్ అంతా మళ్ళీ కొట్టనవసరం లేదు, అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి. కానీ గుడ్డిగా నమ్మొద్దు, ఒత్తులు తారుమారవుతాయి, కొటేషన్ గుర్తుల దగ్గర, అంకెల దగ్గర తప్పులొస్తాయి. గుడి సైటు కదా, స్తోత్రాలూ శ్లోకాలూ ఉంటాయి, ఎవరైనా పెద్దాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ప్రూఫ్ చూడండి.

తర్వాత రెండు సంగతులు. ఫైలుని యుటిఎఫ్-8లో, అంటే యూనికోడ్ అక్షరాల్ని ఫైల్లో దాచే పద్ధతిలో సేవ్ చెయ్యాలి, పేజీ లోపల హెడ్‌లో అన్నిటికంటే పైన చార్‌సెట్ యుటిఎఫ్-8 అని మెటా ట్యాగ్ ఉండాలి. మొదటి 1024 బైట్ల లోపే ఆ ట్యాగ్ రావాలని నియమం, కాబట్టి టైటిల్ కన్నా ముందే పెట్టేయండి. డ్రీమ్‌వీవర్‌లో అయితే పేజ్ ప్రాపర్టీస్‌లో ఎన్‌కోడింగ్ అని ఉంటుంది. పాత విండోస్ నోట్‌ప్యాడ్ అయితే జాగ్రత్త, అది తనంతట తానుగా ఆన్సీ అనే, తెలుగు పట్టని పాత పద్ధతిలో సేవ్ చేస్తుంది, సేవ్ యాజ్‌లో కింద ఎన్‌కోడింగ్ మార్చాలి.

తప్పు ఎక్కడ జరిగిందో పిచ్చి గుర్తుల్ని చూసే చెప్పొచ్చు, ఇది నాకు చాలా ఏళ్ల మీద అబ్బిన విద్య. తెలుగు ఉండాల్సిన చోట వరుసగా ప్రశ్నార్థకాలు ఉంటే అయిపోయినట్టే, సేవ్ చేసేటప్పుడే అక్షరాలు పోయాయి, పాత కాపీ వెతుక్కోవాలి. అలా కాకుండా నెత్తిమీద గీత ఉన్న ఇంగ్లిష్ ఎ, దాని పక్కన డిగ్రీ గుర్తులాంటి చిన్న సున్నా లేదా ప్లస్సు మైనస్సు కలిసిన గుర్తు, ఇలా మళ్ళీ మళ్ళీ వస్తుంటే సంతోషించండి, మీ తెలుగు భద్రంగానే ఉంది. ఒక్కో తెలుగు అక్షరం యుటిఎఫ్-8లో మూడు బైట్లు, బ్రౌజర్ ఆ మూడింటినీ కలిపి చదవకుండా విడివిడిగా చదువుతోంది. మెటా ట్యాగ్ పెడితే చాలు, మాయమైపోతుంది. ఇక ఎక్కడా తెలుగు లేకుండా అచ్చంగా ఇంగ్లిష్ అక్షరాలు, బ్రాకెట్లు కలగాపులగంగా ఉంటే అది అను మ్యాటరు, కన్వర్టర్‌కి పోవాల్సిందే.

అందం కోసం గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సురన్న లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి, మ్యాటర్‌కి మండలి బావుంటుంది, రామభద్ర హెడ్డింగులకే, పేజీ మొత్తం అదే పెడితే కళ్లు నొప్పి. లైన్ల మధ్య ఖాళీ ఇంగ్లిష్‌కి పెట్టినంత పెడితే మన ఒత్తులు కింది లైను గుడి గుర్తులకి తగులుకుంటాయి, లైన్‌హైట్ 1.7 దాకా పెట్టండి. చాలామంది డీటీపీ మిత్రులు ఈ తలనొప్పంతా ఎందుకని మ్యాటర్‌ని జేపీజీ చేసి అతికించేస్తున్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి. ఫోన్లో చదవలేరు, కాపీ చేసుకోలేరు, గూగుల్‌లో వెతికితే దొరకదు.

ప్ర: లాడ్ బజార్ గాజుల షాపు కోసం మా చెల్లి సైటు చేసింది, తెరుచుకోడానికి ఒక యుగం పడుతుంది. హోస్టింగ్ మార్చమంటారా? (ఒక పాఠకురాలు, మెహదీపట్నం)

జ: హోస్టింగ్ తప్పు కాదమ్మా. మీ మొదటి పేజీలో 24 ఫోటోలున్నాయి, ఒక్కోటి ఫోన్లో తీసింది తీసినట్టు నాలుగు ఎంబీ, మొత్తం 96 ఎంబీ. అంటే గాజులు చూద్దామని వచ్చిన మనిషి అంత డేటా కాల్చుకోవాలి. మీ చెల్లి ఏమనుకుని ఉంటుందంటే డిజైన్ వ్యూలో మూల పట్టుకుని ఫోటోని చిన్నది చేశాను కదా అని. అలా చేస్తే కనబడే సైజు తగ్గుతుంది, ఫైలు బరువు తగ్గదు. ఫోటోషాప్‌లోనో ఇంకే ఎడిటర్లోనో వెడల్పు 1200 పిక్సెళ్లకి తగ్గించి జేపీజీగా మళ్ళీ సేవ్ చేస్తే మామూలుగా ఒక్కోటి రెండు వందల కేబీ లోపు వస్తుంది, అప్పుడు మొత్తం కలిపి ఐదు ఎంబీ దాటదు. గాజుల మీద రాళ్ల మెరుపు పోతుందని భయపడకండి, ఫోన్ స్క్రీన్ మీద తేడా తెలీదు. ఇంకా కింద ఉన్న ఫోటోలకి లోడింగ్ లేజీ అని ఒక్క మాట చేర్చమనండి, కిందికి జరిపినప్పుడే అవి దిగుతాయి.

ప్ర: ఇదివరకు బ్రౌజర్లో ఎఫ్‌టిపి అని కొట్టి సర్వర్లో ఫైళ్లు చూసేవాణ్ణి. ఇప్పుడు రావడం లేదు. ఎఫ్‌టిపి తీసేశారా? (విశ్రాంత ఉద్యోగి, ఈసీఐఎల్)

జ: ఎఫ్‌టిపి ఉంది సార్, బ్రౌజర్లే దాన్ని వదిలేశాయి. 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ తీసేశాయి. ఫైల్‌జిల్లా లాంటిది వాడాల్సిందే. మీలాంటి పెద్దవాళ్లకి నచ్చే ముచ్చట ఒకటి చెప్తా, ఈ ఎఫ్‌టిపి మొదటి నమూనా రాసింది మనవాడే, అభయ్ భూషణ్, ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్. 1971 ఏప్రిల్‌లో, ఎంఐటీలో ఉండగా. అప్పటికి వెబ్ అనే మాటే పుట్టలేదు, ఇంకో ఇరవై ఏళ్లుంది దానికి.

ప్ర: ఒక ఫోల్డర్ తెరిస్తే 403 అని వస్తుంది. యూట్యూబ్‌లో 777 పెట్టమన్నారు. పెట్టనా? (కూకట్‌పల్లి)

జ: పెట్టకు. 403 అంటే లోపలికి అనుమతి లేదని సర్వర్ చెప్పడం. 777 అనే పర్మిషన్ అంటే సర్వర్లో ఉన్న ఎవరైనా నీ ఫైల్లో ఏమైనా రాసుకోవచ్చని తాళం తీసి ఇవ్వడం. ఫోల్డర్లకి 755, ఫైళ్లకి 644 పెట్టు, అప్పుడు రాసేది నువ్వొక్కడివే. ఆ ఫోల్డర్లో ఇండెక్స్ ఫైలు లేకపోయినా 403 వస్తుంది, ముందు అది చూసుకో.

ప్ర: మా ట్యూషన్ సైటు పేరు పక్కన 'నాట్ సెక్యూర్' అని వస్తోంది. పిల్లల తల్లిదండ్రులు వైరస్ అనుకుంటున్నారు. (టీచర్, దిల్‌సుఖ్‌నగర్)

జ: వైరస్ కాదు మేడమ్. సైటుకీ చూసేవాళ్లకీ మధ్య సమాచారాన్ని దాచి పంపే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ లేని సైట్లన్నిటికీ క్రోమ్ 2018 జూలై నుంచి ఆ మాట చూపిస్తోంది. డబ్బులు కట్టి కొనక్కర్లేదు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇస్తుంది, చాలా హోస్టింగుల కంట్రోల్ ప్యానెల్లో ఒక బటన్ నొక్కితే వచ్చేస్తుంది. మామూలుగా 90 రోజులకే గడువు, కానీ అదే దానంతట తిరిగి రెన్యూ అయ్యేలా పెడతారు. "ఎస్‌ఎస్‌ఎల్‌కి వేలల్లో అవుతుంది" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. సర్టిఫికెట్ వేశాక కూడా హెచ్చరిక పోకపోతే పేజీ లోపల ఫోటోల లింకులు పాత హెచ్‌టిటిపితో ఉండి ఉండొచ్చు, వాటి మొదట్లో ఉన్న హెచ్‌టిటిపి పక్కన ఎస్ చేర్చండి.

ప్ర: ఫీజు కట్టేంత స్థోమత లేదన్నా, ప్రాజెక్టు సైటు ఇంటర్వ్యూలో చూపించాలి. ఫ్రీగా ఎక్కడ పెట్టాలి? (ఇంజనీరింగ్ ఫైనలియర్, ఘట్‌కేసర్)

జ: గిట్‌హబ్ పేజెస్. నీ యూజర్‌నేమ్, దాని వెనక డాట్ గిట్‌హబ్ డాట్ ఐఓ, ఆ పేరుతోనే రిపాజిటరీ, అంటే ఫైళ్లు పెట్టుకునే చోటు తెరువు, ఇండెక్స్ ఫైలు దాంట్లో పెట్టు, కాసేపట్లో సైటు లైవ్. హెచ్‌టిటిపిఎస్ కూడా వాళ్లే ఇస్తారు. ఒక జీబీ లోపు ఉండాలి, సర్వర్లో నడవాల్సిన పీహెచ్‌పీ ప్రోగ్రాములు అక్కడ నడవవు, కాబట్టి నీ కాంటాక్ట్ ఫారం అక్కడ మెయిల్ పంపదు, ఇంటర్వ్యూలో అది నొక్కి చూపించకు.

ప్ర: మా ఆఫీసులో పాత ఫ్రంట్‌పేజ్ సీడీ ఉంది, దాంతో చెయ్యొచ్చా? (నాంపల్లి)

జ: చెయ్యొచ్చు, ఎక్కించాక ఏడవొచ్చు. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆ వెబ్‌పేజీల సాఫ్ట్‌వేర్‌కి 2003 వర్షనే చివరిది. దాంట్లో కౌంటర్లు, ఫారాలు నడవాలంటే సర్వర్లో ఫ్రంట్‌పేజ్ ఎక్స్‌టెన్షన్స్ ఉండాలి, ఇప్పుడు అవి పెట్టే హోస్టింగ్ కోసం వెతకడం దండగ. కోడ్ రాసుకునే ఎడిటర్ విజువల్ స్టూడియో కోడ్ ఉచితం, దాంతో మొదలుపెట్టండి.

ప్ర: ధర మార్చి ఎక్కించాను, మూడుసార్లు ఎక్కించాను, సైటులో పాత ధరే కనబడుతోంది. కస్టమర్ పాత ధరకే ఇవ్వమని గొడవ. (కర్రీ పాయింట్, ఉప్పల్)

జ: కంట్రోల్ ఎఫ్5 కొట్టండి, బ్రౌజర్ దాచుకున్న పాత కాపీ పోతుంది. కొత్త ధర వస్తే సరే. రాకపోతే మీరు మూడుసార్లూ వేరే ఫోల్డర్లోకే ఎక్కించారు, ఫైల్‌జిల్లాలో కుడిపక్క పైన ఉన్న దారి చదవండి, పబ్లిక్ హెచ్‌టిఎంఎల్ లోపల ఇంకో పబ్లిక్ హెచ్‌టిఎంఎల్ కనబడుతుందని నా అనుమానం. కస్టమర్‌కి మాత్రం ఈ పూటకి పాత ధరకే ఇచ్చేయండి.